మోదులపేట లండన్ తుపాకి

నేను ఒక జోడుగొట్టాల తుపాకిని. వయసు ఎనభై దాటింది. ఇంతకాలంలో నేను రెండు పులులను భయపెట్టాను, లెక్కలేనన్ని కంజుపిట్టలను కొట్టాను, ఒక పెళ్లిలో ఉత్సాహం ఎక్కువై పందిరికి చిల్లు పెట్టాను. మనిషి మీదికి మాత్రం ఒక్కసారి కూడా పేలలేదు. తుపాకి అనగానే మీరు కుర్చీ వెనక్కి జరుపుకుంటారు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నిశ్చింతగా కూర్చోండి.

నన్ను చూసినవాళ్లంతా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది ఎక్కడిది?" ఎదుటివాడి ఊరూ పేరూ ఇంటిపేరూ తెలిస్తే తప్ప మనుషులకు కాఫీ కూడా సరిగ్గా మింగుడుపడదు కదా, తుపాకి దగ్గరా అదే అలవాటు. నా రెండు గొట్టాల మధ్య పట్టీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో "థార్న్‌బిక్ అండ్ సన్స్, లండన్" అని చెక్కి ఉండేది. అది చదివిన వాళ్లు వెంటనే నన్ను రెండు చేతులతో పట్టుకునేవారు. అంతవరకూ ఒక్క చేత్తోనే పట్టుకున్నవాళ్లు కూడా.

నేను లండన్ చూడలేదు. ఆ మాటకొస్తే సముద్రమే చూడలేదు. నేను పుట్టింది మోదులపేటలో, గోదావరికి అరమైలు దూరంలో, బండి చక్రాలకు ఇనుప పట్టీలు వేసే కొలిమిలో. నన్ను చేసినవాడు మల్లోజు ఈశ్వరాచారి అనే కమ్మరి. అంటే మా నాయన. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలుసు, కొలిమి తిత్తి ఊదిన ఆయన భార్య రాజవ్వకు తెలుసు, నన్ను చేయించుకున్న దొరకు తెలుసు. మిగిలిన లోకానికి తెలియడానికి ఎనభై ఏళ్లు పట్టింది. ఆ కథే చెప్పబోతున్నాను.

నిజాం రాజ్యంలో ఆ వైపు రైలు పట్టాలు పడుతున్న రోజులవి. మోదులపేట దొర నరసింగరావుగారు రైల్వే ఇంగ్లీషు ఇంజనీరుకు నెలరోజులు అతిథి మర్యాదలు చేసి, అడవంతా తిప్పి వేటాడించారు. ఆయన సంతోషపడి, వెళ్లేముందు తన లండన్ తుపాకిని మఖమల్ పరిచిన పెట్టెతో సహా దొరకు బహుమతిగా ఇచ్చాడు. "వచ్చే చలికాలం మళ్లీ వస్తాను, ఇద్దరం దీంతోనే వేటాడదాం" అన్నాడు. దొర తుపాకి నంబరు సర్కారుకు రాసి పంపి లైసెన్సు తెప్పించుకున్నారు. మూడు నెలలు ఆ తుపాకి భుజాన లేకుండా ఆయన పెరట్లోకి కూడా వెళ్లలేదు.

నాలుగో నెలలో ఒకరోజు పుట్టిలో గోదావరి దాటుతున్నారు. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. అందులో కూర్చున్నవాడు కదలకుండా కూర్చోవాలి. దొరకు నీళ్ల మీద బాతుల గుంపు కనిపించింది. లేచి నిలబడ్డారు. గురిపెట్టారు. రెండు గొట్టాలూ ఒకేసారి పేల్చారు. బాతులు ఎగిరిపోయాయి, దొర వెనక్కి పడ్డారు, తుపాకి నదిలోకి పోయింది. పుట్టి నడిపేవాడు దొరను జుట్టు పట్టుకుని పైకి లాగాడు. తుపాకికి జుట్టు లేదు కదా. మూడు రోజులు ఈతగాళ్లు వెతికినా దొరకలేదు. అసలు లండన్ తుపాకి ఇప్పటికీ ఆ మడుగులోనే ఉంది.

దొరకు ప్రాణం పోయినంత పనైంది. చలికాలం వస్తే ఇంజనీరు వస్తాడు. బహుమతి ఏదని అడిగితే ఏం చెప్పాలి? బాతును కొట్టబోయి నేనే నీళ్లలో పడ్డానని చెప్పుకోవడం కన్నా ఆ నీళ్లలోనే ఉండిపోవడం నయమని ఆయనకు అనిపించింది. చివరికి ఖాళీ పెట్టెను గుడ్డలో చుట్టుకుని కొలిమి దగ్గరికి వెళ్లారు. దొర కమ్మరి ఇంటికి నడిచి వెళ్లడం మోదులపేటలో అదే మొదలు.

"ఈశ్వరా, ఒకసారి నువ్వు దాని మీట బాగుచేసినవు గద. లోపల ఎట్లుంటదో యాదికున్నదా?"

"యాదికున్నది దొరా."

"గసుంటిదే ఇంకోటి చెయ్యాలె. ఎవలకు తెల్వొద్దు. నీ కొలిమి మీద ఒట్టు."

మా నాయన పెట్టె తెరిచి చూశాడు. లోపల ఎర్రటి మఖమల్ మీద తుపాకి ఆకారంలో పల్లం ఉంది. గొట్టాలకు ఒక పల్లం, వెనక కర్రకు ఒక పల్లం, నూనె బుడ్డికి ఒక చిన్న పల్లం. ఆయన ఒక దారం తీసి ఆ పల్లాలను కొలవడం మొదలుపెట్టాడు. నా కొలతలన్నీ లేని తుపాకి దగ్గర తీసుకున్నవి. నా గురించి నేను కొంచెం గొప్పగా అనుకునే సందర్భాలు ఏవైనా ఉంటే అందులో ఇది మొదటిది.

నన్ను చేయడానికి నాలుగు నెలలు పట్టింది. అరిగిపోయిన బండి పట్టీల ఇనుమును సన్నని బద్దలుగా సాగదీసి, ఎర్రగా కాల్చి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి, సమ్మెటతో కొట్టి అతికితే నా గొట్టాలు తయారయ్యాయి. గొట్టం తిన్నగా వచ్చిందో లేదో చూడటానికి లోపల సన్నని దారం బిగించి కట్టి, వెలుగుకేసి పట్టుకుని చూసేవాడు. దారం నీడ ఎక్కడ వంకరపోతే అక్కడ ఒక చిన్న దెబ్బ. నేను ఈ రోజుకీ ఒక్క వెంట్రుక కూడా పక్కకు కొట్టను. ఈ పనంతా ఆయన పట్టపగలే చేశాడు. చాటుగా కొడితే ఊరు చెవులు రిక్కిస్తుంది. పగలు కొలిమిలో ఎంత చప్పుడు చేసినా బండి చక్రమేలే అనుకుంటుంది.

అక్షరాలు మాత్రం ఆయన్ని ఏడిపించాయి. ఆయనకు ఇంగ్లీషు రాదు. పెట్టె మూత మీది పేరును ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు ఒక్కో గీతా చూసుకుంటూ చెక్కాడు. లైసెన్సు కాగితం చూసి నంబరు కూడా అలాగే దించేశాడు. చెక్కడం అయ్యాక రాజవ్వ అడిగింది.

"గంత కష్టపడి చేస్తివి. ఎవని పేరో రాస్తివి. నీ పేరేది?"

"ఒట్టేసిన గదనే."

కానీ ఒక చోట మాత్రం ఆయన చేయి ఆయనదే. నాలో పదకొండు మరమేకులున్నాయి. అన్నిటి మరలూ ఆకురాయితో చేత్తో కోసినవే. ఏ మరమేకు ఆ రంధ్రానికే సరిపోతుంది, ఇంకో రంధ్రంలో సగం కూడా దిగదు. కలిసిపోకుండా ప్రతి మరమేకు మొన మీదా, దాని రంధ్రం పక్కనా అంకెలు కొట్టాడు. తలుపు చేసినా, బండి చేసినా వాళ్లు అలాగే అంకెలు వేసుకుంటారు. ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు. ఇంగ్లీషు అంకెలను చూసి దించగలడు గానీ తన పనికి తన అంకెలే కదా చేతికి వస్తాయి. మరమేకులు బిగించాక అవన్నీ లోపలికి పోయి కనపడకుండా ఉండిపోయాయి.

చలికాలం వచ్చింది, ఇంజనీరూ వచ్చాడు. నన్ను భుజానికి ఆనించుకుని రెండు కంజులను గాల్లోనే కొట్టి, "ఎంతైనా లండన్ పనితనమే వేరు" అన్నాడు. దొర ఊపిరి పీల్చుకున్నారు. దూరంగా వేట సరంజామా మోసేవాళ్లతో నిలబడ్డ మా నాయనకు ఆ మాటను ఎవరో తెలుగులో చెప్పారు. ఆయన తల వంచుకుని నవ్వుకున్నాడు.

తర్వాత నేను దొర ఉండే కోటలాంటి గడీలో గోడ మీద గౌరవంగా బతికాను. ఏటా దసరాకు నాకు ఆయుధపూజ జరిగేది. గంధం, కుంకుమ, రెండు గొట్టాల్లోనూ రెండు బంతిపూలు. బంతిపూలు పెట్టుకున్న తుపాకిని చూసి ఎవరికైనా భయం వేస్తుందా చెప్పండి. పూజకు ముందురోజు గడీ ఆడవాళ్లు ఇత్తడి చెంబులతో పాటు నన్నూ వాకిట్లో వేసి చింతపండుతో, బూడిదతో బరబరా తోమేవారు. ఇనుమును చింతపండుతో తోమకూడదని వాళ్లకు చెప్పేవారు ఎవరు? అలా ఎన్నో దసరాలు తోమగా తోమగా థార్న్‌బిక్‌గారు అరిగిపోయారు, ఆయన కొడుకులూ అరిగిపోయారు, చివరికి "లండన్" ఒక్కటే మిగిలింది. పెట్టెను చెదలు తినేశాయి. కంపెనీ పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

దొర పోయాక మా నాయన ఒట్టు తీరిపోయిందనుకున్నాడు. ఒకరోజు చావడిలో పదిమంది ముందు, ఆ తుపాకి చేసింది తానేనని చెప్పాడు. ఆయన ఊహించింది ఏమిటో నాకు తెలియదు. జనం మాత్రం పొట్టలు పట్టుకుని నవ్వారు. "లండన్ తుపాకి చేసినవా, రైలింజను గూడ నువ్వే చేసినవా?" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన పేరు కోతల చారి అయింది. విప్పి చూడండి, లోపల అంకెలున్నాయని ఆయన గడీ గేటు దగ్గరికి వెళ్లి చెప్పాడు. కమ్మరి మాట విని లండన్ తుపాకిని విప్పుతారా? గేటు దగ్గరే ఆపేశారు. జాలిపడ్డ ఒకరిద్దరు మాత్రం, "రిపేరు చేసినవేమో చారీ, గట్లని చెప్పు, అందరం ఒప్పుకుంటం" అన్నారు. ఆయన ఆ మాటకు ఒప్పుకోలేదు. చనిపోయేదాకా కోతల చారిగానే ఉన్నాడు. గోడ మీద బంతిపూలు పెట్టుకుని ఇదంతా వింటూ నోరెత్తలేకపోవడం నాకు చాలా బాధగా ఉండేది. రెండు నోళ్లు ఉండి ఏం లాభం?

ఆయన కొడుకు సదానందం. నాకంటే రెండేళ్లు చిన్న, కాబట్టి నాకు తమ్ముడే అవుతాడు. కొలిమి పోయి వెల్డింగ్ షెడ్డు వచ్చింది, బస్టాండు పక్కన గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసేవాడు. ఎనభైకి దగ్గరపడ్డా ఆయన్ని ఊరు "కోతల చారి కొడుకు" అనే పిలిచేది. తండ్రి చెప్పిన ఒక్క మాట పట్టుకుని ఆయన బతికాడు: లోపల పదకొండు మరమేకులున్నాయి, ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలున్నాయి. ఎవరో ఒకరు ఏదో ఒకరోజు నన్ను విప్పాలి. అంతే ఆయనకు కావలసింది.

ఆ రోజు ఎన్నికల పుణ్యమా అని వచ్చింది. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సున్న తుపాకులన్నీ పోలీసు స్టేషన్‌లో అప్పగించాలని మీకు తెలుసు కదా. మాకు అది చుట్టాలింటికి వెళ్లినట్టే. స్టోరు గదిలో పక్క ఊళ్ల తుపాకులతో పాటు వరసగా నిలబడి, ఓట్లు అయ్యేదాకా విశ్రాంతి. ఈసారి నన్ను అప్పగించడానికి వచ్చింది దొర మనవడు జగపతిరావు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై హైదరాబాదులో ఉంటున్న మంచి మనిషి, కాస్త గొప్పల మనిషి. నన్ను ఒక మ్యూజియానికి ఇవ్వాలని ఆయన కోరిక. అద్దాల పెట్టె, కింద తాతగారి పేరుతో పలక. మ్యూజియం వాళ్లు ఒకటే అడిగారు: తయారుచేసిన కంపెనీ పేరు రుజువుతో సహా చెప్పండి. అందుకని ఆయన హైదరాబాదు నుంచి ఇఫ్తెకార్ సాబ్‌ను వెంటబెట్టుకొచ్చారు. మూడు తరాలుగా తుపాకులు బాగుచేసే కుటుంబం వారిది. సాబ్ నన్ను స్టేషన్ వరండాలోనే పరీక్షించడానికి ఎస్.ఐ. సుకన్య ఒప్పుకుంది. తుపాకిని బయటికి పంపే వీల్లేదు, కావాలంటే తన కళ్ల ముందే చూసుకోమంది.

సాబ్ నా గొట్టాలు విడదీసి, కళ్లజోడు పైకి తోసి, కింది వైపు చాలాసేపు చూశారు.

"ముద్ర లేదు రావుసాబ్. లండన్ల పుట్టిన బందూకుకు ఇక్కడ పరీక్ష ముద్ర ఉండాలె. దీనికి లేదు."

"అరిగిందేమో సాబ్. మా ఇంట్ల చింతపండుతోని బాగ తోముతరు."

"పైన తోముతరు, ఒప్పుకుంట. గొట్టాలు విప్పి కింద కూడ తోముతరా?"

లోపల ఏదైనా గుర్తు ఉంటుందేమో చూద్దామని సాబ్ మరమేకులు తిప్పబోయారు. ఎనభై ఏళ్ల తుప్పు కదా, ఒక్కటీ కదల్లేదు. గట్టిగా తిప్పితే తల తెగిపోతుందని ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. తుప్పుపట్టిన మరలు విప్పే మనిషి ఊళ్లో ఎవరున్నారని ఎస్.ఐ. అడిగితే కానిస్టేబుల్ భూమయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కోతల చారి కొడుకున్నడు మేడం."

సదానందం సంచీతో వచ్చాడు. బల్ల మీద నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సాబ్ కుర్చీ చూపించారు.

"రా మిస్త్రీ. విప్పుతవా? జర భద్రం, లండన్ మాల్ ఇది."

"భద్రంగనే విప్పుత సారు."

ఆయన ఒక మేకును దీపం మీద కాల్చి మరమేకు తలకు తాకించాడు, కుట్టుమిషను నూనె చుక్క వేశాడు, చిన్న సుత్తితో చుట్టూ తట్టాడు. కాసేపు ఆగి మళ్లీ అదే చేశాడు. అలా గంటకు మొదటి మరమేకు కదిలింది. దాన్ని బయటికి తీసి, గుడ్డతో తుడిచి, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. మొన మీద ౪ ఉంది, తెలుగు నాలుగు. సదానందం దాన్ని న్యూస్‌పేపరు మీద పెట్టి, రెండో మరమేకు మీదికి వంగాడు. తాను చెబితే ఎవరూ నమ్మరని ఆయనకు అరవై ఏళ్ల అనుభవం.

నమ్మాల్సిన అవసరం లేకుండా వాళ్లే చూశారు. "గుర్తున్నది సాబ్! కంపెనీ గుర్తు!" అని జగపతిరావు దాదాపు గెంతారు. ఒక్కో మరమేకూ బయటికి వస్తున్నకొద్దీ ఒక్కో గుర్తు. సాబ్ భూతద్దం పెట్టి చూసి తల అడ్డంగా తిప్పారు. లండన్ వాళ్లూ మరమేకుల మీద గుర్తులు వేస్తారు గానీ, ఇలాంటివి తాను ఎక్కడా చూడలేదన్నారు. ఉర్దూ అంకెలా అని ఎస్.ఐ. అడిగింది.

"ఉర్దూ అయితే నాకు రాదా మేడం?"

"ఒరియా కావచ్చు మేడం, గుండ్రంగ ఉన్నయి" అన్నాడు భూమయ్య.

జగపతిరావు ఫొటోలు తీసి, పాత తుపాకుల మీద మోజున్న మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఒకాయన బెల్జియం అన్నాడు. ఒకాయన రష్యా అన్నాడు. మూడో ఆయన ఏమీ చూడకుండా గులాబీపువ్వుతో శుభోదయం పంపాడు. ఆ వరండాలో ఉన్నవాళ్లలో ముగ్గురు తెలుగు బడిలో చదువుకున్నవాళ్లు. ఒకరింట్లో నేను ఎనభై ఏళ్లు ఉన్నాను. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పదకొండు మరమేకులూ న్యూస్‌పేపరు మీదికి వచ్చాక, జగపతిరావు సాయం చేద్దామని వాటిని పెద్దవీ చిన్నవీ అని వేరుచేసి రెండు కుప్పలు పెట్టారు. సాబ్ తిరిగి బిగించబోతే ఒక్కటీ దాని చోట పడలేదు. ఒకటి సగం దిగి ఆగింది, ఒకటి అసలు దిగలేదు. ఆయన నుదుట చెమట పట్టింది. అప్పుడు సదానందం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కుప్పలోంచి ఒకటి తీసి మొన చూసి, రంధ్రం పక్కన చూసి, దింపాడు. రెండోది తీశాడు, చూశాడు, దింపాడు. పదకొండూ అలాగే, ఎక్కడా తడుముకోకుండా దింపేశాడు. సాబ్ భూతద్దం పక్కన పెట్టారు.

"నీకెట్ల తెలిసింది?"

"అంకెలు వేసున్నయి గద సారు. తెలుగు అంకెలు. ఒకటి, రెండు, మూడు."

ఎస్.ఐ. సుకన్య ఫోన్ తీసి తెలుగు అంకెలు వెతికింది. తెరను జగపతిరావు తీసిన ఒక్కో ఫొటో పక్కన పెట్టి పోల్చి చూసింది. చివరిదాకా చూసి ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

"పదో తరగతి దాక తెలుగు మీడియమే చదివిన తాతా. తెలుగుల మా బడికే ఫస్టు. ఇవి నాకు ఎవ్వరు చెప్పలే."

"మా బాపు కొట్టిన అంకెలు బిడ్డా" అన్నాడు సదానందం. "ఈ బందూకు మా బాపు చేసిండు."

తర్వాత తండ్రి చెప్పిందంతా చెప్పాడు. పుట్టి, బాతులు, ఖాళీ పెట్టె, ఒట్టు. ఎవరూ నవ్వలేదు. సాబ్ నా గొట్టాలను మళ్లీ తీసుకుని, వెలుగుకేసి పట్టుకుని ఒక కన్ను మూసి చూశారు. వాటిని వెనక భాగానికి తగిలించి మూశారు. తెరిచి మళ్లీ మూశారు. ఆ చప్పుడు ఆయనకు బాగా నచ్చినట్టుంది.

"ఖాళీ పెట్టె చూసి చేసిండా? యాభై ఏండ్ల నుంచి బందూకులే చూస్తున్న చారిగారూ. ఆ మనిషి బతికుంటే కాళ్లు మొక్కేటోన్ని."

మిస్త్రీ ఒక్క పూటలో చారిగారు అయ్యాడు. నేను పొంగిపోతున్నాను. సరిగ్గా అప్పుడే ఎస్.ఐ. లైసెన్సు కాగితం తెరిచింది.

"ఒక్క నిమిషం. లైసెన్సుల ఉన్న తుపాకి గోదావరిల ఉన్నది. ఇక్కడున్నది వేరేది. అంటే దీనికి లైసెన్సే లేదు. నేను గిట్ల రాస్తే కోర్టుకు పోతది, కోర్టు కోసెయ్యమంటది. మ్యూజియం లేదు, ఏం లేదు. తాతా, ఆలోచించి చెప్పుండ్రి. మీరేం చెప్తే అదే రాస్త."

జగపతిరావు ముఖం పాలిపోయింది. ఆయన సదానందం పక్కకు వచ్చి కూర్చున్నారు. దొర మనవడు అలా పక్కన కూర్చోవడం కూడా కొత్తే.

"సదానందం, నా మాట విను. మీ బాపు రిపేరు చేసిండు అని చెప్పు. మరమేకులు మార్చినప్పుడు అంకెలు వేసిండు అను. మ్యూజియంల పలక మీద మీ బాపు పేరు గూడ రాయిస్త, రిపేరు చేసినవాడు అని. బందూకు ఉంటది, పేరు ఉంటది. ఎవ్వరికి నష్టం లేదు."

నిజం చెబుతాను. నాకు ఆశ పుట్టింది. అద్దాల పెట్టె, దీపాలు, ఆదివారం పూట జనం. తోమడానికి ఎవరూ చింతపండుతో రారు. రిపేరు అను తమ్ముడూ, ఒక్క మాట అను అని లోపల్లోపల మొక్కుకున్నాను. ఎనభై ఏళ్లు వచ్చినా బతుకు మీద తీపి ఎక్కడికి పోతుంది?

సదానందం గుడ్డతో నా పట్టీ మీది నూనె మరక తుడిచాడు.

"మా బాపుకు గూడ అప్పట్ల గిదే మాట చెప్పుమన్నరు దొరా. రిపేరు చేసిన అను, ఒప్పుకుంటం అన్నరు. ఆయన అనలేదు. అనకుంటనే సచ్చిపోయిండు. ఇప్పుడు నేను అంటే, ఆయన కోతలు కోసినట్టే గద."

ఎస్.ఐ. వైపు తిరిగి, "రాయి బిడ్డా. చేసిండు అని రాయి" అన్నాడు. నన్ను సిగ్గుపడమని ఎవరూ చెప్పలేదు గానీ నేనే సిగ్గుపడ్డాను.

కోర్టులో ఆరు నెలలు పట్టింది. తాత చేసిన పనికి మనవడేం చేస్తాడని జగపతిరావును మందలించి వదిలేశారు. నన్ను మాత్రం పంచుల, అంటే సాక్షుల, సమక్షంలో కోసి రెండు ముక్కలు చేయమని ఆర్డరు వచ్చింది. స్టేషన్‌లో కోసే యంత్రం లేదు. మోదులపేటలో ఇనుము కోసే గ్యాసు కట్టరు ఒక్క చోటే ఉంది. అలా నేను మళ్లీ మల్లోజు వాళ్ల ఇంటికి చేరాను.

ఉదయం పదిగంటలకు బస్టాండు పక్కనున్న ఆ షెడ్డు ముందు బజారంతా గుమిగూడింది. ఎస్.ఐ. పంచనామా బిగ్గరగా చదివింది. "జోడుగొట్టాల తుపాకి ఒకటి. తయారుచేసినవారు: మల్లోజు ఈశ్వరాచారి, తండ్రి రాజయ్య, వృత్తి కమ్మరం, నివాసం మోదులపేట." సదానందం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇంకోసారి చదువు బిడ్డా" అన్నాడు. ఆమె ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా చదివింది. సాక్షుల దగ్గర మొదటి సంతకం జగపతిరావుది. ఆయన హైదరాబాదు నుంచి అందుకోసమే వచ్చారు. కళ్లజోడు తుడుచుకుని, తొందరపడకుండా పూర్తి పేరు రాశారు.

సదానందం కట్టరు వెలిగించబోతుంటే భూమయ్య అడ్డం వచ్చాడు.

"గ్యాసు ఎందుకు ఖర్చు తాతా? వెనక కొసన రెండు గొట్టాలు కలిపిన అతుకుంది గద, ఆడ సమ్మెటతోని కొడితే ఊడిపోతది."

"అది ఊడది."

భూమయ్య నమ్మలేదు. చొక్కా చేతులు మడుచుకుని, సమ్మెట ఎత్తి అతుకు మీద గట్టిగా కొట్టాడు. నేను గణగణా మోగాను. ఇంకోటి కొట్టాడు. మూడోది ఒళ్లంతా బిగబట్టి కొట్టాడు. సమ్మెట కర్ర విరిగి తల ఎగిరి గేటు మీద పడింది. జనం కేకలు వేశారు. అతుకు అలాగే ఉంది. జన్మలో మొదటిసారి సదానందం అందరి ముందూ పెద్దగా నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ, "నేను చెప్తి గద" అన్నాడు.

"చెప్పినవు చారీ" అన్నారు ఎవరో గుంపులోంచి. ఆయన తలూపి, అతుక్కి జానెడు దూరంలో గీత గీసి, మంట దగ్గరికి తెచ్చాడు. నొప్పి లేదు. తెలిసిన చేతులు కదా.

ఇప్పుడు నేను స్టేషన్ స్టోరు గదిలో ఉన్నాను. ఎన్నికలొస్తే మిగతా తుపాకులు వస్తాయి, పోతాయి, నా కథ చెప్పించుకుంటాయి. నేను రెండు ముక్కలు. ఏది ఏ కేసుదో తెలియాలని భూమయ్య రెండింటికీ చెరొక చీటీ కట్టాడు. రెండు చీటీల మీదా మా నాయన పేరే ఉంది.